బాబీ అన్న చెప్పిన లిస్టు

ఆరాధన ముగిసింది. జనం గుడి మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే జెన్నిఫర్ లోపలే ఉండి మైకు వైర్లు చుడుతోంది. మోచేతికి వేసి గబగబా చుట్టేస్తే వైరు లోలోపల మెలిపడి పాడవుతుందని, ఒక చుట్టు లోపలికీ ఒక చుట్టు బయటికీ తిప్పి వేయడం ఆమె పద్ధతి. రేపల్లె గుడిలో ఆ పని ఆమెకు ఎవరూ అప్పజెప్పలేదు. డిగ్రీ పూర్తయిన ఏడాది తనంతట తనే నెత్తిన వేసుకుంది.

సంఘ పెద్ద లాజరు రెండో వైరు కొస పట్టుకుని వచ్చి పక్కన నిలబడ్డాడు. ఎన్నడూ వైరు ముట్టని మనిషి.

"వందనాలు పెదనాన్నా. అలా వదిలెయ్యండి, నేను చుడతాను."

"వందనాలమ్మా. ఏం లేదు... క్రిస్మస్‌కి లైవు పెట్టడానికి కంప్యూటర్ కొందామనుకున్నాం కదా."

"లిస్టు దాదాపు అయిపోయింది పెదనాన్నా. మైకు గదిలో దుమ్మెక్కువ కాబట్టి ముందు వైపు జాలీ ఉన్న కేబినెట్ చూశాను. జాలీ తీసి కడుక్కోవచ్చు కూడా."

"అది కాదమ్మా." లాజరు వైరు కొసను వేళ్ళ మధ్య నలిపాడు. "కమిటీలో మాటొచ్చింది. ఆ పని తెనాలిలో షాపువాళ్ళకే ఇచ్చేద్దామన్నారు."

చుడుతున్న చెయ్యి ఆగింది.

"ఎవరన్నారు?"

"ఎవరైతే ఏముందిలే. బాపట్లలో మా చెల్లెలి మనవరాలి పెళ్ళిలో జరిగింది ఎవరు మర్చిపోయారు? సరిగ్గా ప్రమాణాలు చేసే టయానికి తెర నల్లగా అయిపోయింది. దుబాయిలో కూర్చుని చూస్తున్న పిల్ల తండ్రికి ఏమీ కనపళ్ళేదు. ఆ వీడియో తీసిన హేమంత్ గారు అందరి ముందూ చెప్పాడాయె, తన కంప్యూటరుకి నువ్వు షాపులో కమీషన్ తీసుకుని నాసిరకం పవర్ సప్లై వేయించావని."

"ఆయన జనరేటరు లైన్లో పెట్టారు పెదనాన్నా. ఏసీలూ తోరణాల లైట్లూ అన్నీ ఉన్న లైన్లో. దానికి ఏ పవర్ సప్లై అయినా ఏం నిలబడుద్ది? అప్పుడే చెప్పాను మీకు."

"చెప్పావు. నేను కాదన్నానా? కానీ ఇది దేవుడి సొమ్ము. రేపు ఎవడైనా వేలు చూపిస్తే నీకే చెడ్డపేరు. నీ మంచికే అనుకో." ఆయన వైరును బల్ల మీద పెట్టి, రెండడుగులు వేసి, మళ్ళీ తిరిగాడు. "వైర్లు మాత్రం నువ్వే చూసుకోవాలమ్మా. నీ చేతికి లొంగినట్టు ఎవరికీ లొంగవు."

జెన్నిఫర్ ఆ రెండో వైరు కూడా చుట్టి, కొస ముడివేసి, పెట్టెలో పెట్టి, మూత వేసింది. ఒక్క చుట్టూ వంకర పోలేదు.

ఇంటికి వచ్చేసరికి తల్లి పుల్లమ్మ వాకిట్లో పీట వేసుకుని చేపలు తోముతోంది. సంగతి కూతురికంటే ముందే ఇంటికి చేరినట్టుంది. తలెత్తకుండానే అడిగింది.

"తీసుకున్నావా?"

"ఏంటి?"

"అదే, కమీషను. తీసుకుంటే తీసుకున్నానని చెప్పు. రెండు తిట్టి ఊరుకుంటా."

"అమ్మా!"

"తీసుకోకపోతే మరి ఆ మాటన్నోణ్ణి ఎట్టా వదిలిపెట్టావే?"

పొలుసు ఒకటి ఎగిరి జెన్నిఫర్ పాదం మీద పడింది. ఆమె దాన్ని దులపలేదు. లోపలికి వెళ్ళి బీరువా మీదున్న రెండో ఫోను తీసింది.

ఆ ఫోనులో ఉన్నది తమ్ముడు బాబీ పాత నంబరు. వాడు నిజాంపట్నం హార్బరులో ఐసు ఫ్యాక్టరీ పనికి కుదిరి కొత్త నంబరు తీసుకున్నాక ఆ సిమ్ము ఇంట్లో ఊరికే పడి ఉండేది. తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు సొంతంగా కంప్యూటర్లు కట్టుకునే పిచ్చివాళ్ళందరికీ 'డెల్టా బిల్డర్స్' అని ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. ఏ ప్రాసెసరుకి ఏ బోర్డు పొందిక, ఏ కార్డు చల్లగా నడుస్తుంది, ర్యాము రేటు ఎప్పుడు దిగుతుంది, పొద్దస్తమానం ఇదే గోల. పెళ్ళి రభస తర్వాత హేమంత్ పెట్టిన ఒక్క వాయిస్ మెసేజితో జెన్నిఫర్‌ను అందులోంచి తీసేశారు. ఆ గోల వినకుండా ఉండలేక ఆమె తమ్ముడి నంబరుతో, తమ్ముడి పేరుతో మళ్ళీ చేరింది. వినడానికే చేరింది. ఎవరో తప్పు చెబుతుంటే వేళ్ళు ఊరుకోలేదు. నాలుగు సలహాలు ఇచ్చేసరికి బాబీ కాస్తా బాబీ అన్న అయ్యాడు. జెన్నిఫర్ చెప్పినప్పుడు "ఎక్కడ చదివావు, లింకు పెట్టు" అన్నవాళ్ళే, అదే మాట బాబీ అన్న చెబితే దణ్ణం బొమ్మలు పెట్టారు.

ఆ మధ్యాహ్నం గ్రూపు తెరిస్తే పైనే హేమంత్ మెసేజి ఉంది.

"ఫ్రెండ్స్, కొత్త ఎడిటింగ్ సిస్టం కడుతున్నా. శుక్రవారం ముహూర్తం. తెనాలిలో ఎవడి దగ్గరా లేని సిస్టం అవ్వాలి. బాబీ అన్నా, లిస్టు నువ్వే చెప్పాలి. ఇంకెవరి మాటా వినను."

జెన్నిఫర్ కళ్ళు ముహూర్తం అన్న మాట మీద ఆగాయి. హేమంత్ వాళ్ళ అమ్మ మాణిక్యమ్మకు ఒక పట్టింపు ఉంది. ఇంట్లోకి ఏ కొత్త వస్తువు వచ్చినా సీలు విప్పకుండా రావాలి. దేవుడి ముందు పెట్టి పసుపు రాసి బొట్టు పెట్టి, ముహూర్తం వేళకే సీలు కోయాలి. మొదటి సిస్టం అప్పుడు జెన్నిఫర్, "షాపులోనే కట్టించి, నడిపించి చూసుకుని తెచ్చుకుందామండి, ఏదైనా పడకపోతే అక్కడికక్కడే మార్చుకోవచ్చు" అని ఎంత చెప్పినా ఆవిడ ఒప్పుకోలేదు. "ఎవడో విప్పి ముట్టుకున్నది మాకెందుకమ్మా" అంది. అందుకే జెన్నిఫర్ ప్రతి పార్టు కొలతా ముందే చూసి, కాగితం మీద గీసి, తల బద్దలు కొట్టుకుని ఆ లిస్టు రాసింది.

అంటే ఈసారి కూడా ఏది దేంట్లో పడుతుందో పడదో పెట్టెలు తెరిచేదాకా ఎవరికీ తెలియదు. తెరిచాక, సీలు తెగిన పెట్టెను ఏ షాపువాడూ వాపసు తీసుకోడు.

ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. కాలిపోయే సిస్టం చెప్పడం తేలిక. ఒక నాసిరకం పవర్ సప్లై పేరు చాలు. కానీ కాలితే అతను అన్న మాట నిజమైనట్టే. పైగా మంచి పార్టు కాలడమంటే ఆమెకు సహించదు. ఈ సిస్టంలో ఏదీ పాడవకూడదు. ఏదీ చవకది కాకూడదు. ఒక్కొక్క పార్టు చూసి ఎవరైనా సెభాష్ అనాలి. అన్నీ కలిపితే మాత్రం కుదరకూడదు.

"తమ్ముడూ హేమంత్," అని రాసింది బాబీ అన్న. "ఎవరూ తొందరపెట్టొద్దు. ఒక్కొక్కటే మాట్లాడుకుందాం."

ఆమె ఉద్యోగం బాపట్లలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ ల్యాబులో. మర్నాడు పిల్లలు పరీక్ష ఫీజుల గొడవలో ఉండి ల్యాబుకు రాలేదు. జెన్నిఫర్ ఒక్కతే కీబోర్డులు బోర్లించి దుమ్ము దులుపుతూ, మధ్యమధ్య చెయ్యి తుడుచుకుని బాబీ ఫోను చూసింది. హేమంత్ గ్రూపు వదిలి విడిగా మెసేజులు పెడుతున్నాడు.

కేబినెట్ గురించి అడిగితే హేమంత్ ముందే మనసు పడి ఉన్నాడు. "రెండు వైపులా అద్దాలుండేది అన్నా, చేపల తొట్టిలాగా. టేబులు మీద ముద్దుగా ఉండాలి. పెద్దది వద్దు."

"అదే మంచిది," అంది బాబీ అన్న. పొట్టి కేబినెట్ పేరు ఒకటి చెప్పింది. అందరూ మెచ్చుకునేదే. వెడల్పు తక్కువ.

"కూలరు? ప్రాసెసరు చల్లగా ఉండటానికి నీళ్ళది పెడదామా?"

"నీళ్ళ గొట్టం ఎప్పుడో ఒకప్పుడు కారుద్ది తమ్ముడూ. గాలి కూలరే పెట్టు. జంట గోపురాల్లాగా ఉండేది చెబుతాను. చల్లదనంలో దాన్ని కొట్టేది లేదు."

అది నిజమే. ఆ కూలరు ఎత్తు ఆ కేబినెట్ వెడల్పు కంటే వేలెడు ఎక్కువన్నది కూడా నిజమే. దాని కింద పెట్టడానికి ఆమె పొడుగు రెక్కల ర్యాము చెప్పింది. ర్యాము పొడుగైతే కూలరు ఫ్యాను ఇంకొంచెం పైకి జరగాల్సి వస్తుంది. మూడు ఫ్యాన్ల గ్రాఫిక్ కార్డు చెప్పింది. కేబినెట్ ముందు భాగంలో గాలి ఫ్యాన్లు బిగిస్తే దాని ముక్కు వాటికి కొట్టుకుంటుంది. ఒక్కొక్క అంగుళం కూర్చి కూర్చి పెడుతుంటే, మంచి సిస్టం లిస్టు రాసేటప్పుడు ఎంత శ్రద్ధ పుడుతుందో అంత శ్రద్ధా పుట్టింది. కాస్త ఆశ్చర్యం కూడా వేసింది.

ఇంకో చిత్రం, హేమంత్‌తో మాట్లాడటం బాగుంది. వీడియో ఎడిటింగుకి ప్రాసెసరు ముఖ్యమా కార్డు ముఖ్యమా అని అతను వాదించాడు, ఓడిపోయాడు, నవ్వు బొమ్మ పెట్టాడు. పెళ్ళికూతురు నడిచి వచ్చే షాటులో చీర జరీ మెరుపు చెదిరిపోకుండా ఉండాలంటే ఎంత ర్యాము తింటుందో చెప్పాడు. ఆ సంగతి ఆమెకు తెలియదు. "నాకు ఇవన్నీ మాట్లాడుకోవడానికి తెనాలిలో ఒక్కడు దొరకడు అన్నా. అందరూ రేటెంత అంటారు, అంతే," అని రాశాడు. ఆమెకూ దొరకరు. ఒక్క క్షణం, కూలరు ఎత్తు మళ్ళీ చూసుకో అని టైపు చేసింది. పంపలేదు. వేలు తెర మీదే ఉంది.

అప్పుడే అతను ఇంకోటి రాశాడు.

"మొదటి సిస్టం రేపల్లె అమ్మాయి ఒకతి చెప్పింది అన్నా. మంచి సిస్టమే. బాపట్ల పెళ్ళిలో జనరేటరు లైన్లో పెట్టి నేనే తగలేశా, ఎవరికీ చెప్పకు, మా నాన్నక్కూడా తెలీదు. పెళ్ళివాళ్ళు చొక్కా పట్టుకున్నంత పని చేశారు. ఏం చెయ్యను? ఆ అమ్మాయి కమీషన్ తినిందని చెప్పి బయటపడ్డా. ఆడపిల్ల కదా, నాలుగు రోజులకి మర్చిపోద్ది. హహ."

ల్యాబులో పాత ఫ్యాను కిరకిరమంటోంది. జెన్నిఫర్ చేతిలోని బ్రష్షు కింద పెట్టింది. ఇంతకాలం ఆమె అతను పొరపడ్డాడనుకుంది. వేళ్ళు కూలరు మాటను ఒక్కొక్క అక్షరమే వెనక్కి చెరిపాయి.

ఈ మెసేజి ఫొటో తీసి లాజరు పెదనాన్నకు పంపితే సరిపోతుందని ఆమెకు తట్టకపోలేదు. పంపితే ఏమవుతుంది? అతను సారీ చెబుతాడు. పెదనాన్న పోనీలేమ్మా అంటాడు. ఆ సారీ ఆమెకు అక్కర్లేదు. ఆ ముహూర్తం కావాలి. ఆ పసుపు పెట్టెల మధ్య, చుట్టూ జనం చూస్తుండగా, అతని చేతిలో అద్దం తలుపు మూతపడకుండా ఉండటం కావాలి.

లిస్టు మొత్తం గ్రూపులో పెట్టింది. దణ్ణాలు, మంటల బొమ్మలు వచ్చిపడ్డాయి. బాపట్లలో చిన్న షాపు నడిపే పున్నారావు ఒక్కడే అనుమానపడ్డాడు. "బాబీ, ఆ కూలరు ఆ డబ్బాలో పడుద్దా? నాకెందుకో డౌటుగా ఉంది."

ఇప్పటిదాకా ఆమె రాసినవాటిలో అబద్ధం ఒక్కటీ లేదు. నిజాలనే పక్కపక్కన పేర్చింది. ఇప్పుడు అందరూ బాబీ అన్న కోసం ఎదురు చూస్తున్నారు.

"పడుద్ది. మావాడు ఒకడు కట్టాడు, నేను దగ్గరుండి చూశా," అని రాసింది.

"నువ్వు చూశావంటే ఇంకేంటి," అన్నాడు పున్నారావు.

శుక్రవారం పొద్దున గ్రూపులో ఫొటో పడింది. దేవుడి గది ముందు పెట్టెలు వరసగా. గ్రాఫిక్ కార్డు పెట్టె మీద పసుపు బొట్టు, కూలరు మీద బంతిపువ్వు. హేమంత్ సిల్కు చొక్కా వేసుకుని కత్తి పట్టుకుని నిలబడ్డాడు. పక్కన తండ్రి రాఘవయ్య, తల్లి మాణిక్యమ్మ, చుట్టాలు, తెనాలి ఫొటోగ్రాఫర్లు కొందరు.

ఆ తర్వాత చాలాసేపు గ్రూపులో ఏమీ లేదు. జెన్నిఫర్ ల్యాబులో పిల్లల రికార్డులు దిద్దుతూ ఎడమ చేత్తో ఫోను తిప్పి తిప్పి చూసింది. తర్వాత బాబీ నంబరుకు విడిగా మెసేజులు ఒకదాని వెనక ఒకటి దూకాయి.

"అన్నా, అద్దం మూత పడట్లేదు."

"కూలరు బయటికి పొడుచుకొస్తోంది అన్నా."

"కార్డు ఫ్యాన్లకి తగులుతోంది. ఏం చెయ్యాలి? జనం ఉన్నారు. అన్నా, ఫోనెత్తు."

ఫోను మోగింది. ఆమె దాన్ని బల్ల మీద బోర్లా పెట్టింది. బల్ల వణికింది, ఆగింది, మళ్ళీ వణికింది. అద్దం తెరిచి ఉంచిన కేబినెట్ ఫొటో గ్రూపుకు ఎలా చేరిందో చేరింది. "హేమంత్ గారూ, కేబినెట్‌కి కిటికీ పెట్టించారా?" అన్నాడొకడు. "గోపురం కదా, పైకప్పు ఉండకూడదులెండి," అన్నాడు ఇంకొకడు. పున్నారావు ఊరుకుంటాడా? "నేను ముందే అడిగితిని" అని పది రకాలుగా అన్నాడు. ఇంకేం చెయ్యాలో తోచక హేమంత్ గ్రూపులోంచి తనే వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం క్యారేజీలో ఉన్నది పప్పు, పచ్చడే. జెన్నిఫర్ మెతుకు మిగల్చకుండా తిన్నది.

మర్నాడు ఆమె సొంత నంబరు మోగింది. హేమంతే.

"జెన్నిఫర్, బాగున్నావా అమ్మాయ్? ఏంటి, ఈ మధ్య కనపడట్లేదు?" నిన్న మొన్న టీ తాగి విడిపోయినట్టు ఉంది గొంతు. "ఒకసారి తెనాలి రాగలవా? చిన్న పని. షాపువాళ్ళు మేం ముట్టుకోం అంటున్నారు. నీ చెయ్యి అయితే నీటుగా ఉంటుంది."

వెళ్ళి చూడాలనే వెళ్ళింది. బాగు చెయ్యాలని కాదు, కళ్ళతో చూడాలని. మారీసుపేటలో వాళ్ళ మేడ కింది వాటాలోనే స్టూడియో. బల్ల మీద కేబినెట్ నోరు తెరుచుకుని ఉంది. కూలరు అద్దం హద్దు దాటి నిగనిగలాడుతూ పైకి లేచి ఉంది. ఫొటోలో కంటే బాగుంది. జెన్నిఫర్ దాన్ని తనివితీరా చూసింది.

రాఘవయ్య పడక కుర్చీలో కూర్చుని పేపరు మడిచాడు. "చూశావామ్మా మావాడి నిర్వాకం? మొగుడూ పెళ్ళాలకి కూడా జాతకాలు చూసి కుదురుస్తాం. వీడు పెట్టెల బొమ్మలు చూసి కొన్నాడు."

"అబ్బా, నాన్నా, ఊరుకో!" అన్నాడు హేమంత్. "నాదేం తప్పుంది? బాబీ అని ఒకడు నమ్మించి ముంచాడు."

మాణిక్యమ్మ కాఫీ తెచ్చి ఇచ్చింది. "నువ్వు కట్టిన సిస్టమే మేలమ్మా. మూత పడింది, లైటు వెలిగింది. ఆ రోజు పెళ్ళిలో ఏ దిష్టి తగిలిందో."

జెన్నిఫర్ కాఫీ తాగి గ్లాసు కింద పెట్టింది. "కడతాను హేమంత్ గారూ. ముందు మీరొక ఫోను చెయ్యాలి. రేపల్లె లాజరు గారికి. నేను కమీషన్ తీసుకున్నానని చెప్పారు కదా, తీసుకోలేదని చెప్పండి."

హేమంత్ ముఖం కందగడ్డలా అవుతుందనుకుంది. నీళ్ళు నములుతాడనుకుంది. వేసవిలో జరిగిన ఆ పెళ్ళి నుంచి ఈ ఘడియను ఆమె ఎన్ని రకాలుగా ఊహించుకుందో. అతను చటుక్కున ఫోను తీశాడు.

"దానికేముంది? ఆ కంగార్లో ఏదో అన్నానేమో. నువ్వు ఇంకా మనసులో పెట్టుకున్నావా? భలేదానివే." స్పీకరు పెట్టి మరీ మాట్లాడాడు. "లాజరు గారూ, నమస్కారమండి, తెనాలి హేమంత్‌ని. మన జెన్నిఫర్ గురించండి. బంగారమండి ఆ అమ్మాయి. కమీషనూ లేదు, ఏమీ లేదండి, నేనే పొరపాటుపడ్డాను. మీ గుడి సిస్టం కళ్ళు మూసుకుని ఇచ్చెయ్యండి."

అవతల లాజరు గొంతు తడబడింది. "అయ్యో, అవునా బాబూ? మేం అనవసరంగా పిల్లని... సరే సరే. ఈ రోజే కమిటీకి చెబుతాను."

ఫోను జేబులోకి వెళ్ళింది. అంతే. అంత తేలిగ్గా పోయిన పేరు అంత తేలిగ్గానే తిరిగి వచ్చింది. జెన్నిఫర్‌కు సంతోషం కలగలేదు. తన గుండె మీద ఇన్నాళ్ళు మోసిన బరువు అతనికి చేతిరుమాలంత కూడా లేదు.

అయినా మాట ఇచ్చింది కాబట్టి పనికి కూర్చుంది. స్టోరు రూములో దుప్పటి కప్పి ఉన్న పాత సిస్టం తెప్పించింది. దాని బోర్డు పోయింది కానీ కూలరు పోలేదు. పొట్టి కూలరు. ఆమె ఎంచి పెట్టినదే. సాకెట్టు అదే రకం కాబట్టి కొత్త బోర్డుకు పడుతుంది. జంట గోపురాల స్క్రూలు ఎదురెదురు మూలలవి కొంచెం కొంచెంగా వదులు చేసి, పైకి లాగకుండా అటూ ఇటూ తిప్పి పట్టు విడిపించి తీసింది. వేడిని లాగే పేస్టు పాతది గుడ్డతో తుడిచి, కొత్తది శనగబద్దంత వేసింది. పొట్టి కూలరు ర్యాము రెక్కలకు అడ్డు రాలేదు. ముందు ఫ్యాన్లు విప్పి అడుగున బిగించింది. కార్డు ముక్కు కాగితం మందం ఖాళీతో ఒదిగింది. తలుపు దగ్గరికి తీసుకొస్తే అద్దం టిక్కుమని మూతపడింది.

మీట నొక్కింది. లైట్లు నీలంగా వెలిగాయి. ఒక్క నిమిషం ఆమె కూడా అందరిలాగే దాన్ని చూస్తూ ఉండిపోయింది. ఎవరిదైతేనేం, సిస్టం బాగుంది.

"ఇదీ చెయ్యంటే!" హేమంత్ చప్పట్లు కొట్టాడు. "ఆ బాబీ గాడు కనపడాలి, చెబుతా వాడి పని. రేపల్లె నంబరే అంటున్నారు. ఆచూకీ తీయిస్తా. వాడికి ఆ కూలరు షాపువాడు కమీషన్ ఇచ్చి ఉంటాడు. అసలు ఇట్టాంటోళ్ళందరూ కమీషన్ గాళ్ళే."

జెన్నిఫర్ స్క్రూడ్రైవర్లు గుడ్డలో చుడుతోంది. పెదనాన్న ఈపాటికి కమిటీకి చెప్పి ఉంటాడు. గుమ్మం దాటితే చాలు, గుడి పని తనది. అమ్మ వీధిలో తలెత్తుకుని నడుస్తుంది. హేమంత్ బతికినన్నాళ్ళూ ఎవడో బాబీని తిట్టుకుంటూ ఉంటాడు. దెబ్బ కొట్టింది ఎవరో ఎప్పటికీ తెలుసుకోడు.

అది ఆమెకు మింగుడు పడలేదు.

"ఆచూకీ తియ్యక్కర్లేదు హేమంత్ గారూ. బాబీని నేనే."

అతను నవ్వాడు. "నువ్వా? జోకులెయ్యకు."

"గాలి కూలరే పెట్టమన్నది నేనే. చేపల తొట్టి కావాలన్నది మీరు. చీర జరీ గురించి నాకు చెప్పారు, నాకు తెలీదది, బాగుంది." ఆమె గొంతు పెంచలేదు. పడక కుర్చీ వైపు కూడా వినపడేలా మాత్రం చెప్పింది. "బాపట్లలో జనరేటరు లైన్లో పెట్టి మీరే తగలేశారని, మీ నాన్నగారికి తెలీదని, ఆడపిల్ల కాబట్టి నాలుగు రోజులకి మర్చిపోద్దని, అది కూడా నాకే రాశారు."

రాఘవయ్య చేతిలోని పేపరు మోకాళ్ళ మీదికి జారింది. "ఏంట్రా? జనరేటరేంటి?"

నాలుగు రోజులు అన్నా అన్నా అని పిలిచినదంతా ఒక్కొక్కటే గుర్తొస్తున్నట్టు హేమంత్ ముఖం రంగులు మారింది. జెన్నిఫర్ ఆ రంగులన్నీ చూసింది. ఒక్కటీ వదల్లేదు.

"దొంగ..." అన్నాడు చివరికి. "కావాలని చేశావా? ఇప్పుడే చెబుతా మీ లాజరు గారికి. నిన్ను ఆ గుడి గడప తొక్కనిస్తారేమో చూస్తా."

"చెప్పండి. పోయినసారి అబద్ధం చెప్పారు. ఈసారి నిజమే చెబుతారు."

మాణిక్యమ్మ తలుపుకు అడ్డంగా నిలబడి ఉంది. పక్కకు జరిగి దారి ఇచ్చింది. ఆవిడ కళ్ళు కొడుకు మీద ఉన్నాయి.

తెనాలి స్టేషన్లో రేపల్లె బండి సిద్ధంగా ఉంది. వేమూరులో దిగే కూరగాయల వాళ్ళు గంపలు ఎక్కిస్తున్నారు. జెన్నిఫర్ ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉండగా ఫోను మోగింది.

"జెన్నిఫరమ్మా!" లాజరు రొప్పుతున్నాడు. "ఆ హేమంత్ మళ్ళీ చేశాడమ్మా. ఇందాక బంగారం అన్నాడు, ఇప్పుడు దొంగ అంటున్నాడు. నువ్వేదో మగపేరు పెట్టుకుని తప్పుడు సామాను చెప్పి మోసం చేశావంట. ఏం మనిషమ్మా వాడు? పూటకో మాట!"

ఆమె గంపలవాళ్ళకు దారి ఇస్తూ ఓ పక్కకు జరిగింది.

"పోయినసారి వాడి మాట నమ్మి నిన్ను బాధపెట్టాం. ఈసారి నేను నమ్మను. కమిటీవాళ్ళు నా పక్కనే ఉన్నారు, వాళ్ళకీ అదే చెప్పాను, మా పిల్ల అట్టాంటిది కాదని. నువ్వు ఒక్క మాట, అబద్ధం పెదనాన్నా అను చాలు. వీళ్ళకి వినిపిస్తా."

గార్డు ఈల వేశాడు. గంపలవాళ్ళు త్వరగా ఎక్కమని ఒకరినొకరు కేకలేసుకుంటున్నారు. జెన్నిఫర్ రైలు పెట్టె కమ్మీ పట్టుకుంది. ఆ ఒక్క మాటా నోటి చివరే ఉంది. అది అంటే హేమంత్ మళ్ళీ గెలిచినట్టే అనిపించింది. తను కొట్టిన దెబ్బను తనే కాదన్నట్టు.

"నిజమే పెదనాన్నా," అంది. "ఆయన చెప్పింది నిజమే. కావాలనే చేశాను."

ఫోనులో లాజరు వెనక ఎవరో "ఏమందండీ?" అని అడగడం వినిపించింది. ఆ అడిగినవాళ్ళకు లాజరు జవాబు చెప్పలేదు.

బండి కదిలింది. ఆమె ఎక్కి, కిటికీ పక్కన చోటు చూసుకుని కూర్చుంది. లాజరు ఇంకా ఫోను పెట్టెయ్యలేదు. ఆమె కూడా పెట్టెయ్యలేదు.